అయినవాళ్ళకి నునుపు, కానివాళ్ళకి ముడతలు

పోయిన ఏడాది ఒక రాత్రి నా కంప్యూటరు తెర మీద రెండు ముఖాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి, ప్రయాణంలో ఒక నది రేవు దగ్గర తెల్లవారుతుండగా నేను తీసిన పడవ నడిపే పెద్దమనిషి ముఖం. రెండోది మా అక్క ముఖం, ఇంట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసింది. ఇద్దరి వయసులోనూ పెద్ద తేడా లేదు. ఆయనకు అరవై ఉంటాయేమో, అక్కకు యాభై ఎనిమిది. రెండూ ఒకే కెమెరాతో, ఒకే 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీసినవి. వెలుతురు కూడా ఇంచుమించు ఒకలాంటిదే, ఒక పక్కనుంచి మెత్తగా పడేది. అయినా ఆ రెండు ఫొటోల మీద నేను చేసిన పని చూస్తే, రెండింటినీ ఒకే మనిషి దిద్దాడని ఎవరూ అనుకోరు.

పడవ ఆయన ముఖానికి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అటూ ఇటూ జరిపే స్లైడర్లలో వెలుగునీడల తేడా పెంచే క్లారిటీని 45 దాకా, చర్మపు అల్లికను పైకి తేల్చే టెక్స్చర్‌ను 30 దాకా పెంచాను. రంగుల గాఢత తగ్గించి, నీడల్లోకి కాస్త ఆకుపచ్చ దించి, ఫొటో అంచులను చీకటి చేశాను. అక్క ఫొటోకి వచ్చేసరికి అదే టెక్స్చర్‌ను సున్నాకి కిందికి, మైనస్ 25 దాకా తీసుకెళ్ళాను. చర్మం ఉండే నారింజ రంగు ప్రకాశాన్ని పెంచాను. కళ్ళ కింద నలుపు మీద బ్రష్ ఆడించాను. పని ముగిశాక రెండూ బాగానే వచ్చాయని సంతోషించాను. ఆయనది గంభీరంగా ఉంది, అక్కది కళగా ఉంది. ఆ రెండు మాటలూ మనసులో పక్కపక్కన పడిన తరువాత మాత్రం ఏదో తేడాగా తోచి, కేవలం కుతూహలం కొద్దీ ఒక పని చేశాను. ఆయన ఫొటో సెట్టింగులను కాపీ చేసి అక్క ఫొటో మీద, అక్క ఫొటోవి ఆయన ఫొటో మీద వేశాను.

అక్క నుదుటి మీద నేనెన్నడూ గమనించని మూడు గీతలు కత్తితో గీసినట్టు లేచాయి. ముక్కు పక్కన చర్మరంధ్రాలు ఇసుక చల్లినట్టు తేలాయి. చెంపల్లో రక్తం ఇంకిపోయి బూడిద రంగు తిరిగింది. నాతో చిన్నప్పుడు పేచీలు పెట్టుకున్న మనిషి పోయి, కష్టాల గురించిన పత్రికా వ్యాసానికి పక్కన వేసే బొమ్మ ఒకటి వచ్చి కూర్చుంది. అటు పడవ ఆయనకు పదేళ్ళు తగ్గాయి. చొక్కా రంగు వెనక్కి వచ్చింది. ఆ ఉదయం నాతో మాట్లాడుతున్నప్పుడు ఆయన ఎలా ఉన్నారో, ఈ ముఖమే దానికి దగ్గరగా ఉందని ఒప్పుకోక తప్పలేదు.

మర్నాడు అక్కకు చూపించాను. కాసేపు చూసి, "ఏరా, నా మీద నీకు పాత కక్షలు ఏమైనా ఉన్నాయా?" అంది. ఇది నీకని చేసింది కాదు, ప్రయాణంలో తీసిన ఒక పెద్దాయన ఫొటోకి చేసినదే నీ ఫొటో మీద వేశానని చెప్పాను. "మరి ఆయన మీద ఏం కక్ష?" అంది.

అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అని సామెత. ఫొటోల ఎడిటింగ్‌లో ఈ సామెత తిరగబడింది. అయినవాళ్ళ ముఖాలకు నునుపు, కానివాళ్ళ ముఖాలకు ముడతలు. పెళ్ళి ఫొటోలు, కుటుంబ ఫొటోలు, మన సొంత ప్రొఫైల్ ఫొటోలు దిద్దేటప్పుడు స్లైడర్ ఎడమవైపు వెళుతుంది. ప్రయాణాల్లో కలిసిన అపరిచితుల ముఖాలకు కుడివైపు వెళుతుంది. పనిముట్టు ఒకటే, చెయ్యి ఒకటే. మారేదల్లా ఆ ముఖం మనకేమవుతుందన్నది. ప్రయాణ ఫొటోగ్రఫీలో నీతి గురించి రాసినప్పుడల్లా అందగించడాన్నే నేరంగా చూపిస్తారు. నా వాదన దానికి ఎదురు: ఈ రంగంలో ఎక్కువ జరిగే అన్యాయం ముఖాన్ని ముసలిదాన్ని చెయ్యడం, పేదదాన్ని చెయ్యడం, పాతకాలానిదాన్ని చెయ్యడం. పైగా దాన్ని అన్యాయమని ఎవరూ అనుకోరు, కళ అంటారు.

క్లారిటీ అన్న పేరులోనే కొంత మాయ ఉంది. పేరుకి అర్థం స్పష్టత. కానీ ఆ స్లైడర్ ఫొటోలో లేని వివరం ఒక్కటి కూడా తీసుకురాదు. మరీ వెలుగూ మరీ చీకటీ కాని మధ్యస్థాయి ప్రదేశాల్లో, పక్కపక్కన ఉన్న వెలుగునీడల మధ్య తేడాను అది పెంచుతుంది, అంతే. ముడత అంటే చర్మంలో ఒక చిన్న లోయ. దానికి ఒక గట్టు మీద వెలుగు, ఇంకో గట్టు మీద నీడ ఉంటాయి. తేడా పెరిగేసరికి లోయ లోతైనట్టు కనిపిస్తుంది. 2019లో లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేరిన టెక్స్చర్ స్లైడర్ ఇంకా సన్నని స్థాయిలో, అంటే చర్మరంధ్రాలు, గడ్డపు వెంట్రుకలు, నేత అల్లిక వంటి వాటి మీద పనిచేస్తుంది. రెండింటినీ కలిపి పెంచితే, మెత్తటి ఉదయపు వెలుతురులో తీసిన మనిషిని మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టినట్టవుతుంది. నిజానికి ఆయనను ఆ ఎండలో నిలబెట్టి ఫొటో తీస్తానంటే, "నీడలోకి రండి బాబూ" అని ఆయనే అని ఉండేవారు.

ముఖంలో జీవితం కనిపించాలి కదా అన్నది దీనికి వచ్చే మొదటి జవాబు. ఫొటోగ్రాఫర్లు నలుగురు కూడిన చోట ఈ మాట లేకుండా పూట గడవదు. నేనూ చాలాసార్లు అన్నాను. కానీ జీవితమంటే ముడతలేనా? మా అక్క ముగ్గురు పిల్లలను పెంచింది, ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేసింది, రెండు ఆపరేషన్లు దాటింది. ఆమె ముఖంలో మాత్రం జీవితం కనిపించనక్కరలేదని నేనెందుకు నిర్ణయించాను? జవాబు తేలికే. ఆమె ఆ ఫొటో చూస్తుంది. చూసి, బాగా లేదంటుంది. పడవ ఆయన చూడరు. ప్రయాణంలో తీసిన పోర్ట్రెయిట్‌కు ఉన్న మౌలికమైన లక్షణం ఇది: ఫొటో ఎవరిదో ఆ మనిషి తప్ప మిగతా ప్రపంచమంతా దాన్ని చూస్తుంది.

ఈ రకం ఫొటోల్లో అన్నిటికన్నా పేరుపడినదాన్నే తీసుకుందాం. 1984లో అమెరికా ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెకర్రీ పాకిస్తాన్‌లోని ఒక శరణార్థి శిబిరంలో ఒక ఆఫ్ఘన్ అమ్మాయిని ఫొటో తీశారు. 1985 జూన్‌లో అది నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమైంది. కోడక్రోమ్ ఫిల్ము, మెత్తటి వెలుతురు, ఎర్రటి ముసుగు, వెనక ఆకుపచ్చ, ఆ కళ్ళు. సాంకేతికంగా చూస్తే ఆ ఫొటో బలమంతా తీసేటప్పుడే వచ్చింది. ఎరుపుకీ ఆకుపచ్చకీ ఉన్న వైరం, సూటిగా లెన్స్‌లోకి చూసే చూపు ఏ స్లైడరూ ఇచ్చినవి కావు. అయితే ఆ అమ్మాయి పేరు పదిహేడేళ్ళ పాటు లోకానికి తెలియదు. 2002లో ఆమెను వెతికి పట్టుకున్నాక ఆమె పేరు షర్బత్ గులా అని తెలిసింది. పాత ఫొటోలోని కంటిపాపతో పోల్చి చూసి ఆమె ఆమేనని నిర్ధారించారు. అన్నేళ్ళూ ఆ ముఖచిత్రం ఆమె చూడనేలేదు. ఒక పరాయి మనిషి ఫొటో తీసినందుకు ఆ రోజు తనకు కోపం వచ్చిందని ఆమె గుర్తు చేసుకుంది. ఆ చూపులో ప్రపంచం ఎన్నెన్నో చదువుకుంది. కోపం ఎవరి మీదో మాత్రం చదవలేకపోయింది. ముఖాన్ని మనిషి నుంచి విడదీసే పని ఎడిటింగ్‌లో మొదలవదు, షట్టర్ నొక్కేటప్పుడే మొదలవుతుంది. ఎడిటింగ్ దాన్ని ముగిస్తుంది.

ఆ మెకర్రీ మీదే 2016లో దుమారం లేచింది. ఇటలీలో జరిగిన ప్రదర్శనలో పెట్టిన ఒక క్యూబా ఫొటోలో, వీధిలోని స్తంభం ముక్క ఒకటి ఉండవలసిన చోటు నుంచి పక్కకి జరిగి కనిపించింది. ఒక సందర్శకుడు అది గమనించి బయటపెట్టాక, మిగతా ఫొటోల్లో మాయమైన మనుషులనూ వస్తువులనూ జనం వెతికి తీశారు. చివరికి ఆయన తనను పత్రికా ఫొటోగ్రాఫర్‌గా కాక, దృశ్యాలతో కథ చెప్పేవాడిగా చూడమన్నారు. అది పత్రికా ఫొటోనా కాదా అన్న ఆ చర్చ నాకు తప్పు చోట ఆగినట్టు అనిపిస్తుంది. స్తంభం జరిగితే స్తంభానికి బాధ లేదు. అదే శ్రద్ధతో ముఖాల వర్ణాలనూ ముడతలనూ ఎవరైనా లెక్కపెట్టి ఉంటే, దోషుల జాబితాలో నాలాంటి అనామకులు కొన్ని లక్షల మంది చేరేవాళ్ళం.

వస్తువులను చెరపడంలోనూ ఒక పాత వంశం ఉంది. అమెరికా ఆదివాసులను దశాబ్దాల పాటు ఫొటోలు తీసిన ఎడ్వర్డ్ కర్టిస్, 1910 ప్రాంతంలో పీగన్ తెగవారి గుడారంలో కూర్చున్న ఇద్దరిని తీశాడు. అసలు నెగటివ్‌లో ఆ ఇద్దరి మధ్య ఒక గడియారం ఉంది. అచ్చయిన బొమ్మలో లేదు. గడియారం ఉంటే వాళ్ళు అతని కాలంలోనే బతుకుతున్న మనుషులవుతారు. లేకపోతే అంతరించిపోతున్న జాతి అవుతారు. అతనికి రెండోదే కావాలి. ఈ ఉదాహరణ చదివినప్పుడు నేను తల పంకించి, అయ్యో ఎంత అన్యాయం అనుకున్నాను. ఆ తరువాత ఎప్పుడో పడవ ఆయన ఫొటో మీద వేసిన మార్పుల పొరలను, అంటే లేయర్లను, ఒక్కొక్కటే ఆర్పుతూ వస్తుంటే, అక్కరలేనివి చెరిపే హీలింగ్ బ్రష్ వేసిన లేయర్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. చొక్కా జేబులోంచి కొద్దిగా బయటికి కనిపిస్తున్న మొబైల్ ఫోనును నేనే చెరిపేశాను. చెరిపినట్టు కూడా గుర్తు లేదు. కంటికి అడ్డంగా ఉందనుకుని ఉంటాను. నూరేళ్ళు దాటాక, గడియారం బదులు ఫోను. చెయ్యి మాత్రం కర్టిస్‌దే.

అన్ని చెరపడాలూ ఒకటి కావు, అది కూడా చెప్పాలి. 1936లో కాలిఫోర్నియాలో డొరొతియా లాంగ్ తీసిన వలస తల్లి ఫొటోలో, కింద కుడి మూలన గుడారపు కర్రను పట్టుకున్న ఒక బొటనవేలు ఉండేది. కంటికి అడ్డమని లాంగ్ తరువాత నెగటివ్‌లో దాన్ని దిద్దించింది. ఆ బొటనవేలు పోవడం వల్ల ఆ తల్లి గురించి మనకు తెలిసేది ఏదీ మారలేదు. అందుకని దాని మీద నాకు పేచీ లేదు. ఆ తల్లి పేచీ వేరు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని 1978లో ఆమె ఎవరో తెలిసినప్పుడు, తన పేరు అడగలేదనీ, ఫొటో కాపీ పంపిస్తానని పంపలేదనీ, అసలు తీయకుండా ఉంటే బాగుండేదనీ చెప్పింది.

ఇంత విన్నాక, అయితే ఎడిటింగే మానెయ్యండి, కెమెరా ఇచ్చింది ఇచ్చినట్టు పెట్టండి అనే పెద్దమనుషులు తగులుతారు. ఎడిటింగ్ చెయ్యకపోవడాన్ని నిజాయితీగా చెప్పుకునే ఈ వర్గంతో నాకు అసలు పడదు. కెమెరా ఇచ్చింది ఇచ్చినట్టు అన్నది ఎక్కడా లేదు. కెమెరాలో వెలుతురును పట్టే సెన్సార్ మీది ఒక్కొక్క గడీ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్క రంగునే కొలుస్తుంది. మిగతా రెండింటినీ పక్క గడీలను చూసి లెక్కగట్టి నింపాలి. రా ఫైల్ అంటే ఆ కొలతల చిట్టా మాత్రమే. 14 బిట్ల రా ఫైల్‌లో ఒక్కొక్క గడీకి 16,384 వెలుగు మెట్లు నమోదు కాగలవు. మామూలుగా పంచుకునే ఫొటో ఫైల్ అయిన జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు 256 మెట్లే ఉంటాయి. ఆ వేలల్లోంచి ఈ వందలకు ఎవరో ఒకరు ఎంచి తీరాలి. మీరు ఎంచకపోతే ఆ కెమెరా తయారుచేసిన ఇంజనీర్లు ఎంచుతారు. అది వాళ్ళ ఎడిటింగ్ మీ పేరున చలామణీ కావడం, అంతకు మించి పవిత్రత ఏమీ లేదు. పియానో నేర్చిన అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ నెగటివ్‌ను స్వరకర్త రాసిన స్వరాలతోనూ, ప్రింటును కచేరీతోనూ పోల్చాడు. స్వరాలు రాసిన కాగితాన్ని ఎత్తి చూపిస్తే కచేరీ అయిపోదు.

పైగా ఆ ఇంజనీర్ల ఎంపిక అందరి ముఖాలకూ ఒకేలా అనుకూలించలేదు. కలర్ ఫిల్ము రోజుల్లో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ పంపిన నమూనా ఫొటోల మీద చాలాకాలం తెల్ల మహిళలే ఉండేవారు; ఆ కార్డులను షెర్లీ కార్డులు అనేవారు. కార్డు మీది మహిళ చర్మం సరిగ్గా వస్తే అందరిదీ సరిగ్గా వచ్చినట్టే లెక్క. ముదురు గోధుమ రంగుల మధ్య తేడాలను ఫిల్ము బాగా పట్టేలా సవరించడానికి ఊపు ఇచ్చినవాటిలో చాక్లెట్ కంపెనీల, చెక్క సామాను తయారీదారుల ఫిర్యాదులు కూడా ఉన్నాయని అక్కడ పనిచేసినవాళ్ళే తరువాత చెప్పారు. మనుషుల ముఖాల కోసం కాక, బీరువాల కోసం. ఇటీవలి సంగతి చూసినా, గూగుల్ తన పరికరాలు చర్మపు రంగులను గుర్తించే తీరును సరిదిద్దుకోవడానికి, హార్వర్డ్‌లోని సామాజిక శాస్త్రవేత్త ఎల్లిస్ మంక్ రూపొందించిన పది చాయల పట్టికను తీసుకున్నది 2022లో. అంతవరకూ విస్తృతంగా వాడిన ఫిట్జ్‌పాట్రిక్ పట్టికలో ఉన్నవి ఆరే. కాబట్టి ముదురు చాయ ఉన్న మనిషిని ఫొటో తీసినప్పుడు ఎడిటింగ్ చెయ్యకపోవడమే ఒక్కొక్కసారి అన్యాయం. ముఖం నల్లటి ముద్దగా మిగిలిపోతే, ఆ ముఖం మీద పని చెయ్యవలసిన బాధ్యత నాదే.

ఇక్కడే ప్రయోగాలు అక్కరకు వస్తాయి. అక్క మాట విన్నాక నేను ఎడిటింగ్ తగ్గించలేదు, ఇంకా పెంచాను. ఒక్కొక్క ఫొటోకు నాలుగైదు రూపాలు చెయ్యడం, ఒక్కొక్క పద్ధతి ముఖానికి ఏం చేస్తుందో విడివిడిగా చూడడం అలవాటు చేసుకున్నాను. అందులో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది రంగు. మనుషుల చర్మాలు ఎంత లేతగా ఉన్నా, ఎంత ముదురుగా ఉన్నా, వాటి అసలు వర్ణం ఎరుపుకీ పసుపుకీ మధ్య నారింజ ప్రాంతంలోని ఒక సన్నని పట్టీలోనే ఉంటుంది. మనుషుల మధ్య కనిపించే తేడా చాలావరకు ప్రకాశంలోనూ గాఢతలోనూ ఉండేదే. సినిమా రంగులు దిద్దేవాళ్ళు రంగులను కొలిచి చూపే తమ వెక్టర్‌స్కోప్ మీద చర్మానికి ఒకే గీతను ఆనవాలుగా పెట్టుకోవడం ఇందువల్లనే. ఈ సంగతి తెలిశాక నారింజ స్లైడర్ మీద చెయ్యి వెయ్యాలంటే కాస్త జంకు పుట్టింది. ప్రకాశాన్ని పదిహేను పెంచి అక్క చాయ తేల్చినప్పుడు నేను చేసింది ప్రేమ అనుకున్నాను. అందులో చాయ మీద మనందరికీ ఉన్న రోగం కూడా ఉంది. నునుపు చెయ్యడాన్ని నేను న్యాయమని చెప్పడం లేదు. రెండు అన్యాయాల్లో ఒకదాని పేరు అందరికీ తెలుసు, రెండోదాని పేరు తెలియదు, అంతే తేడా.

వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురు రంగు ప్రభావాన్ని సరిచెయ్యడం, ఇంకో కథ. చెట్టు కింద నిలబడిన మనిషి చెంప మీద ఆకుల పచ్చదనం పడుతుంది. నీడలో ఉన్న మనిషి మీద ఆకాశపు నీలం పడుతుంది. నీటి దగ్గర ఉంటే గడ్డం కింద నుంచి ఇంకో రంగు ఎగదన్నుతుంది. మన కన్ను వీటినన్నిటినీ లెక్క చెయ్యకుండా మనిషి రంగును మనిషి రంగుగానే చూస్తుంది. సెన్సార్ అలా చూడదు. ఫొటో మొత్తానికి ఒకే సవరణ వేస్తే ముఖం బాగుపడి నది చెడుతుంది, లేదా నది బాగుపడి ముఖం జబ్బుపడినట్టవుతుంది. ముఖానికి ఒక మాస్క్ వేసి, అంటే సవరణ ఆ భాగానికే పరిమితమయ్యేలా చేసి, ఆ మాస్క్ లోపల మాత్రమే ఆ ఆకుపచ్చను కొద్దికొద్దిగా తీసేస్తూ పోతే ఒక చోట హఠాత్తుగా మనిషి ఊపిరి పీల్చినట్టుంటుంది. అది ప్రీసెట్లలో దొరకదు. ప్రీసెట్ అంటే ఎవరో, ఎక్కడో, ఇంకెవరి ముఖానికో చేసిన సెట్టింగుల మూట. నీడలు నీలమూ చర్మం నారింజా అయ్యే ఆ ఫ్యాషన్ ప్రీసెట్ వేస్తే ఏ దేశంలో తీసిన ఏ మనిషైనా ఒకే సినిమాలో నటించినట్టు కనిపించడం ఇందుకే.

నలుపు తెలుపుల్లో ఈ బాధ ఉండదనుకుని కొన్నాళ్ళు అటు పారిపోయాను. అక్కడ ఇంకా ప్రమాదం. రంగు ఫొటోను నలుపు తెలుపు చేసేటప్పుడు ఏ రంగు ఎంత వెలుగుగా మారాలో మనమే చెప్పాలి. ఎరుపు, నారింజలను పెంచితే చర్మం తేలికపడి మచ్చలు కలిసిపోతాయి. వాటిని తగ్గించి నీలాన్ని పెంచితే చర్మం ముదురై, ప్రతి మచ్చా ప్రతి నరమూ నల్లగా పైకి తేలుతుంది. ఎరుపును పట్టలేని పాతకాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిల్ములు ముఖాలను చూసిన తీరు కూడా ఇదే. పాత ఫొటోల్లో మనుషులు అంత కఠినంగా కనిపించడానికి వాళ్ళ స్వభావంతో పాటు ఆ ఫిల్ము రసాయనానికీ కొంత వాటా ఉంది. ఒకే ముఖాన్ని ఆ రెండు రకాలుగా చేసి పక్కపక్కన పెట్టుకుంటే, ఒకరు వైద్యుడిలా, ఇంకొకరు గని కార్మికుడిలా కనిపిస్తారు. మనిషి ఒక్కడే.

చర్మపు రంగును ఒక లేయర్‌లోనూ, అల్లికను ఇంకో లేయర్‌లోనూ విడదీసే ఫ్రీక్వెన్సీ సెపరేషన్‌ను కూడా నెల రోజులు సాధన చేశాను. అందాల ప్రకటనలకు అది పనికొస్తుందేమో, ప్రయాణంలో తీసిన ముఖాలకు మైనం పూత పూసినట్టుంది. వదిలేశాను.

నాకు నిలిచిన పద్ధతి అన్నిటికన్నా పాతది. చీకటిగదిలో, నెగటివ్‌ను పెద్దది చేసే ఎన్‌లార్జర్ కింద, కాగితం మీద పడే వెలుతురుకు చెయ్యి అడ్డుపెట్టి ఒక చోటును తేలిక చెయ్యడాన్ని డాడ్జింగ్ అనీ, ఒక చోట ఎక్కువసేపు వెలుతురు పడనిచ్చి ముదురు చెయ్యడాన్ని బర్నింగ్ అనీ అనేవారు. ఇప్పుడు అదే పనిని పది శాతం బలమున్న మెత్తటి బ్రష్‌తో చేస్తాను. టోపీ నీడలో పడిన కళ్ళను కొద్దిగా తేలుస్తాను, ఎందుకంటే ఎదురుగా నిలబడ్డప్పుడు ఆ కళ్ళు నాకు కనిపించాయి. వెనక తెల్లగా మండుతున్న గోడను తగ్గిస్తాను, ఎందుకంటే అప్పుడు నేను దాన్ని చూడలేదు. ఈ పని నెమ్మదిగా సాగుతుంది. ఒక్కొక్క ముఖానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో ఆ మనిషితో నేను రేవులోనో రోడ్డు మీదో గడిపిన పది నిమిషాలను గుర్తు చేసుకోవలసి వస్తుంది. గుర్తు రానప్పుడు బ్రష్ ఎటు వెళ్ళాలో తెలియదు. ఎక్కువగా గుర్తు రానివి, నేను ఒక్క మాటా మాట్లాడకుండా దూరం నుంచి జూమ్ చేసి తీసినవే.

పడవ ఆయన ఫొటోను ఈ పద్ధతిలో మళ్ళీ మొదటి నుంచీ చేశాను. జేబులో ఫోను తిరిగి వచ్చింది. మరోసారి అటువైపు వెళ్ళవలసిన పని పడినప్పుడు, మొదట చేసిన గంభీరమైన రూపాన్నీ, ఈ కొత్త రూపాన్నీ రెండూ పెద్ద ప్రింట్లు వేయించి పట్టుకెళ్ళాను. ఈ వ్యాసంలోని వాదనంతా అప్పటికే నా బుర్రలో సిద్ధంగా ఉంది. ఆయన మొదటిదాన్ని పక్కకు నెట్టి రెండోదాన్ని గుండెకు హత్తుకుంటారని, అక్కడితో నా వాదనకు సాక్ష్యం దొరుకుతుందని ఆశ. ఆయన రెండింటినీ గట్టు మీద పరిచి, తడి చేతులను పంచెకు తుడుచుకుని, ఒకదాని తరువాత ఒకటి ఎత్తి చూశారు. ముడతల ఊసే ఎత్తలేదు. "అంతా బాగానే ఉంది గానీ బాబూ, పడవ ఏదీ?" అన్నారు.

పడవ లేదు. ముఖం మాత్రమే కావాలని లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, పూర్తిగా తెరిచి, ఎఫ్ 1.8 దగ్గర తీశాను. ఆయన భుజం వెనక ఉన్న పడవ ఒక గోధుమ రంగు మరకగా కరిగిపోయింది. ఆ కరగడాన్నే మేము ఎంతో ఇష్టంగా బొకే అంటాం, దాని కోసమే ఖరీదైన లెన్స్‌లు కొంటాం. ఆ పడవకు ముందటి నెలలోనే కొత్త రంగు వేయించారట, ముక్కుకు మనవరాలి పేరు రాయించారట. ఆ ఉదయం నేను కెమెరా ఎత్తగానే ఆయన కాస్త పక్కకు జరిగి నిలబడ్డారు, ఆ పేరు ఫొటోలో పడాలని. నేను రెండడుగులు ముందుకు వేసి దాన్ని తప్పించాను. ఇంత చర్చ ముఖం మీదే నడిపిన నాకు, ఆయన దృష్టిలో తన చిత్రం ముఖంతో మొదలవదన్న ఊహే తట్టలేదు. ఆ రోజు 35 మిల్లీమీటర్ల లెన్స్‌తో, ఆ రంధ్రాన్ని ఎఫ్ 8 దాకా చిన్నది చేసి, ఆయననూ పడవనూ కలిపి తీశాను. ఫొటోగా అది మామూలుది. పోటీకి పంపితే మొదటి వడపోతలోనే పోతుంది.

ఇప్పుడు పడవ లేకపోయినా తెప్పించవచ్చు. 2023లో ఫొటోషాప్‌లోకి వచ్చిన జెనరేటివ్ ఫిల్‌కు నాలుగు ముక్కల్లో చెబితే ఏదో ఒక పడవను గీసి ఇస్తుంది. మసక వెనక ఏముండేదో ఊహించి నింపుతుంది. ఒక సాయంత్రం ఆ ప్రయోగమూ చేశాను. చక్కటి పడవ వచ్చింది, ఆయన పడవకన్నా అందమైనది. దాని ముక్కు మీద ఏ భాషకూ చెందని అక్షరాలు ఉన్నాయి. ఫొటో ఎక్కడ పుట్టింది, దాని మీద ఏమేం మార్పులు జరిగాయి అన్నది ఫైల్‌లోనే ముద్రవేసే కంటెంట్ క్రెడెన్షియల్స్ ఏర్పాటుతో లైకా ఎం11-పి అనే కెమెరా కూడా ఆ ఏడాది అక్టోబరులోనే వచ్చింది. మంచిదే. కానీ ఆ ముద్ర చూసేవాడికి భరోసా ఇస్తుంది. ఫొటోలో ఉన్నవాడికి కాదు.

అందుకని కొంతకాలంగా ఎడిటింగ్‌లో ఒక భాగాన్ని అక్కడికక్కడే, ఆ మనిషి ముందే చేస్తున్నాను. కెమెరా నుంచి ఫోన్‌లోకి ఫొటో దించి, పక్కన కూర్చోబెట్టుకుని, ఇది ఇలా ఉండనా, ఇంకా వెలుతురు కావాలా అని అడుగుతాను. చాలామంది నవ్వి, మీకెలా తోస్తే అలా చెయ్యండి అంటారు. కొందరు మాత్రం చాలా కచ్చితంగా చెబుతారు. చొక్కా రంగు తప్పు వచ్చిందని ఒకాయన చొక్కా అంచును ఫోను పక్కన పట్టి మరీ చూపించాడు. ఆయన చెప్పిందే నిజం, నా వైట్ బ్యాలెన్స్ తప్పింది.

ఆమధ్య ఒక నేత పనిచేసే ఆవిడను ఆమె మగ్గం దగ్గర తీశాను. ఈసారి మగ్గం మొత్తం పడింది, పాఠం నేర్చుకున్నాను కదా. ఆవిడ ఎడమ చెంప మీద, దవడ దాకా, పాత కాలిన మచ్చ ఒకటి ఉంది. ఫోన్‌లో ఫొటో చూసి, కాసేపాగి, ఆ మచ్చ మీద వేలు పెట్టి, "ఇది తియ్యడం వస్తుందా?" అని అడిగింది. వస్తుందన్నాను. చెంపల మీద మచ్చలు తియ్యకూడదని, ముఖాలను ఉన్నవి ఉన్నట్టుగా గౌరవించాలని అప్పటికి ఎందరితో వాదించానో లెక్క లేదు. అక్కడే కూర్చుని, హీలింగ్ బ్రష్‌తో, దాదాపు ఇరవై నిమిషాలు, చర్మపు అల్లిక చెడకుండా ఆ మచ్చ తీసేశాను. ఆవిడ ఫోన్‌కు పంపించాను. చాలాసేపు చూసుకుంది.

మరి నా దగ్గరున్న దాంట్లో ఉంచనా, తియ్యనా అని అడిగాను. "మీ దాంట్లో మీ ఇష్టం అన్నా, నాదాంట్లో మాత్రం ఇట్లాగే ఉండనియ్యి" అంది.

నా ఫైల్‌లో ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మగ్గం మీద పడే పక్కవెలుతురూ, ఆవిడ చేతులూ, ఆ చూపూ, ఈ రెండేళ్ళలో నేను తీసిన వాటిలో దానికి సాటి వచ్చే ఫొటో లేదు. దాన్ని ఎవరికీ చూపించలేదు.